షుగర్ ఆల్కహాల్స్: ఏది పర్వాలేదు, ఏది వద్దు, ఎవరికి వద్దు

ముందు ఆ పేరు సంగతి తేల్చేద్దాం. మనకి షుగర్ అంటే జబ్బు, ఆల్కహాల్ అంటే మందు. ఈ రెండూ జంటగా ప్యాకెట్ వెనక కనిపిస్తే ఎవరికైనా కాస్త టెన్షన్ వస్తుంది. నిజానికి అందులో తాగే ఆల్కహాల్ చుక్క కూడా ఉండదు. అణువు ఆకారం కొంత చక్కెరని, కొంత రసాయనశాస్త్రంలో ఆల్కహాల్ అని పిలిచే పదార్థాలని పోలి ఉంటుంది, అంతే. పాలియాల్స్ అన్నా ఇవే. ఎరిథ్రిటాల్, జైలిటాల్, మాల్టిటాల్, సార్బిటాల్, మానిటాల్, ఐసోమాల్ట్, లాక్టిటాల్. షుగర్ ఫ్రీ అని అమ్మే గమ్, చాక్లెట్, బిస్కెట్, ఐస్‌క్రీమ్ ఏది తిప్పి చూసినా ఈ ఏడింటిలో ఒకటో రెండో తగులుతూనే ఉంటాయి.

"ఇవి మంచివేనా?" అని అడిగేవాళ్లు బోలెడుమంది, "ఏది, ఎంత?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం. ఒకటి రక్తంలో గ్లూకోజ్‌ని అసలు కదిలించదు కానీ గుండె విషయంలో అనుమానం మోస్తోంది. ఇంకొకదాని మీద గుండె గురించి అంత గొడవ లేదు కానీ గ్లూకోజ్‌ని బాగానే పెంచుతుంది, పైగా కడుపుని అల్లకల్లోలం చేస్తుంది. కాబట్టి మీ ఒంట్లో బలహీనమైన చోటు ఏదో ముందు చూసుకుని, ఆ తర్వాత ఎంచుకోవాలి.

కడుపు నుంచి మొదలుపెడదాం

ఇది నా సొంత అనుభవం. ఒక రాత్రి షుగర్ ఫ్రీ చాక్లెట్ బార్ మొత్తం తినేశాను, చక్కెర లేదు కదా అన్న ధైర్యంతో. రెండు గంటలు గడిచేసరికి పొట్ట డోలులా ఉబ్బి, లోపల ఉరుములు మొదలై, మిగతా రాత్రి ఎక్కడ గడిచిందో మీరే ఊహించుకోండి. తెల్లారాక లేబుల్ చదివితే బరువులో 40 శాతం మాల్టిటాల్. వంద గ్రాముల బార్ అది, అంటే ఒక్క పూటలో 40 గ్రాములు లోపలికి పంపించానన్నమాట. చాక్లెట్ చేసినవాళ్లని అనడానికి లేదు, వెనక చిన్న అక్షరాల్లో హెచ్చరిక రాసే ఉంది.

లోపల జరిగేది ఇదీ. వీటిలో చాలావరకు చిన్నపేగు పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలిపోయింది పేగులోకి నీళ్లు లాగుతుంది, దాంతో మోషన్స్. పెద్దపేగుకి చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, దాంతో గ్యాస్, ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి. సార్బిటాల్‌నీ లాక్టిటాల్‌నీ మలబద్ధకానికి మందుగానే ఇస్తారు, ఇక వేరే సాక్ష్యం ఎందుకు. యూరప్‌లో ఆహారంలో కలిపిన పాలియాల్స్ 10 శాతం దాటితే, ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని ప్యాకెట్ మీద రాయడం తప్పనిసరి. అమెరికాలో రోజుకి సార్బిటాల్ 50 గ్రాములు, మానిటాల్ 20 గ్రాములు ఒంట్లోకి పోయేలా ఉంటే అలాంటి హెచ్చరికే వేయాలి. ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే మానిటాల్ ఎంత తక్కువకే పని చూపిస్తుందో తెలుస్తుంది.

అలాగని సార్బిటాల్ 50 దాకా హాయిగా తినొచ్చు అనుకోకండి. 10 గ్రాములకే చాలామందికి గ్యాస్ పట్టుకుంటుంది, 20 గ్రాములకి పరుగులు పెట్టేవాళ్లున్నారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జర్మనీ డాక్టర్లు ఇద్దరు పేషెంట్ల గురించి రాశారు. ఎంతకీ తగ్గని విరేచనాలు, ఒకామె 11 కిలోలు, ఒకాయన 22 కిలోలు బరువు తగ్గిపోయారు, పెద్ద పెద్ద పరీక్షలు చేశారు, ఏమీ దొరకలేదు. చివరికి ఏం తింటున్నారని గుచ్చి గుచ్చి అడిగితే, ఇద్దరూ రోజంతా షుగర్ ఫ్రీ గమ్ నములుతున్నారని బయటపడింది, ఆయనైతే దానికి తోడు స్వీట్లు కూడా. రోజుకి 20, 30 గ్రాముల సార్బిటాల్. మానేశారు, తగ్గిపోయింది. రోజుకి ఒకటి రెండు గమ్‌లు నమిలేవాళ్లకి ఈ భయం అక్కర్లేదు, ఒక్కోదాంట్లో ఉండేది గ్రాము, గ్రామున్నర. గమ్ డబ్బా టేబుల్ మీద పెట్టుకుని పనిచేసేవాళ్లు మాత్రం ఒకసారి లెక్క వేసుకోండి.

కడుపు ఒక్కటే చూసుకుంటే ఎరిథ్రిటాల్ మిగతావాటికన్నా ఎన్నో రెట్లు నయం. దాని అణువు చిన్నది, దాదాపు 90 శాతం చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లిపోయి మార్పు లేకుండా మూత్రంలో బయటికి వస్తుంది, కాబట్టి పెద్దపేగు బ్యాక్టీరియాకి దక్కేది కాస్తే. అయినా దానికీ ఒక గీత ఉంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023 డిసెంబర్‌లో రోజుకి కిలో శరీర బరువుకి అర గ్రాము అని పెట్టింది, 70 కిలోల మనిషికి 35 గ్రాములు. దానికి చెప్పిన కారణం కూడా మోషన్సే. జైలిటాల్ మధ్యరకం, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే కొన్నాళ్లకి కడుపు అలవాటు పడుతుంది. మాల్టిటాల్, సార్బిటాల్, మానిటాల్, ఐసోమాల్ట్ ఒక్కసారిగా ఎక్కువ తింటే గోల తప్పదు.

ఐబీఎస్, అంటే పేగులు అతి సున్నితంగా ఉండే జబ్బు, ఉన్నవాళ్లకి అసలు ఈ చర్చే అనవసరం. వాళ్లు తగ్గించాల్సిన ఫాడ్‌మ్యాప్స్ (సరిగా అరగక పేగులో పులిసే పిండి పదార్థాలు) జాబితాలో చివరి అక్షరం పీ అంటే పాలియాల్సే. ఎరిథ్రిటాల్ తప్ప మిగతావన్నీ పక్కన పెట్టండి, దాన్నీ కొంచెంగా, విడిగా వాడి చూడండి. పుట్టుకతో ఫ్రక్టోజ్ పడని జబ్బు ఒకటుంది, చాలా అరుదు, కానీ వాళ్లకి ఇది కడుపునొప్పితో పోయే వ్యవహారం కాదు. సార్బిటాల్ ఒంట్లో ఫ్రక్టోజ్‌గా మారి కాలేయాన్ని, కిడ్నీలని దెబ్బతీస్తుంది. మాల్టిటాల్, ఐసోమాల్ట్, లాక్టిటాల్ మూడూ అరిగితే సార్బిటాల్ వస్తుంది కాబట్టి ఆ మూడూ కూడా వాళ్లకి నిషిద్ధమే. ఇంకో చిన్న మాట: చక్కెర లేని సిరప్ మందుల్లో తీపికి తరచుగా సార్బిటాలే వేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు రెండు మూడు సిరప్‌లు వాడుతూ మోషన్స్ అంటుంటే సీసా వెనక కూడా చూడండి.

షుగర్ ఉన్నవాళ్లకి

ఇక్కడ నాకు అస్సలు నచ్చనిది మాల్టిటాల్. రుచిలో, పాకంలో చక్కెరకి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి చాక్లెట్ కంపెనీలకి మహా ఇష్టం. కానీ పేగులో అది గ్లూకోజ్, సార్బిటాల్ అని రెండుగా విడిపోతుంది. ఆ గ్లూకోజ్ ఎక్కడికి పోతుంది, రక్తంలోకే. గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ని ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె, చక్కెరకి 65 ఉంటే మాల్టిటాల్‌కి సుమారు 35, మాల్టిటాల్ సిరప్ అయితే 50 దాటుతుంది. జైలిటాల్‌కి పది దగ్గర్లో, సార్బిటాల్‌కి పది లోపు, ఎరిథ్రిటాల్, మానిటాల్‌లకి దాదాపు సున్నా. కేలరీలు చూస్తే గ్రాముకి చక్కెర 4, సార్బిటాల్ 2.6, జైలిటాల్ 2.4, మాల్టిటాల్ 2.1, ఎరిథ్రిటాల్ సున్నా అని అమెరికాలో లెక్క కడతారు. అంటే మాల్టిటాల్ చాక్లెట్ రెండు రెట్లు తింటే మీరు ఆదా చేసిందేమీ లేదు, అందులో కొవ్వు ఎలాగూ తగ్గలేదు.

మా మేనమామకి ఇరవై ఏళ్ల నుంచి షుగర్. "ఇందులో షుగర్ లేదురా, రాసి ఉంది చూడు" అని షుగర్ ఫ్రీ బిస్కెట్లు ప్యాకెట్ తర్వాత ప్యాకెట్ లాగించేవాడు. నేను చెబితే వినలేదు, గ్లూకోమీటర్ చెప్పాక విన్నాడు. ఆ బిస్కెట్‌లో మైదా ఉందన్న సంగతి కూడా మర్చిపోయాడు మరి. మీటర్ ఉన్నవాళ్లకి ఇదే మంచి పద్ధతి: కొత్త ప్యాకెట్ ఏది తెచ్చినా తినేముందు ఒకసారి, రెండు గంటలకి ఒకసారి చూసుకోండి, ఎవరి మాటా వినక్కర్లేదు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'నెట్ కార్బ్స్', అంటే గ్లూకోజ్‌ని పెంచే పిండి పదార్థం ఇంతే అని, కొన్ని ప్యాకెట్ల మీద పెద్ద అక్షరాలతో వేస్తారు, అందులో షుగర్ ఆల్కహాల్ మొత్తాన్నీ తీసేసి చూపిస్తారు. ఎరిథ్రిటాల్ అయితే అలా తీసేయడం సబబే. మిగతావాటికి సగం మాత్రమే తీసేయడం మామూలుగా పాటించే లెక్క. మాల్టిటాల్‌ని పూర్తిగా తీసేసి డోసు తగ్గిస్తే గ్లూకోజ్ పైకి పోతుంది. అటు పోకుండా లెక్కకన్నా ఎక్కువ డోసు వేసుకుంటే కిందికి పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం.

గుండె గురించి వస్తున్న వార్తలు

అసలు ఇదంతా వెతకడానికి చాలామందిని తరిమింది ఈ వార్తలే అనుకుంటా. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధకులు నేచర్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వేశారు. గుండె పరీక్షలకి వచ్చిన వేలమంది రక్తం పరీక్షించి మూడేళ్లు గమనిస్తే, రక్తంలో ఎరిథ్రిటాల్ బాగా ఎక్కువున్న పావు వంతు మందికి, బాగా తక్కువున్న పావు వంతుతో పోలిస్తే గుండెపోటు, పక్షవాతం, మరణం ప్రమాదం సుమారు రెట్టింపు ఉంది. 2024 జూన్‌లో అదే బృందం జైలిటాల్ మీద యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో ఇలాంటిదే ప్రచురించింది, అక్కడ పై మూడో వంతు వారికి ప్రమాదం 57 శాతం ఎక్కువ.

వినగానే గుండె జారిపోయే మాటే, కానీ ఒక మెలిక ఉంది. మన ఒళ్లే గ్లూకోజ్ నుంచి కొంత ఎరిథ్రిటాల్ తయారుచేసుకుంటుంది. ఊబకాయం, షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువగా ఉండొచ్చు. పైగా ఆ రక్తం నమూనాల్లో చాలావరకు ఎరిథ్రిటాల్ ఆహారంలో ఇంతగా వాడుకలోకి రాకముందు తీసినవి, వాళ్లు ఏం తింటున్నారో అడిగిందీ లేదు. కాబట్టి రక్తంలో కనిపించిన ఎరిథ్రిటాల్ జబ్బుకి కారణమా, లేక అప్పటికే ఉన్న జబ్బుకి గుర్తా అన్నది ఆ అంకెల నుంచి తేలదు.

సరే, అక్కడితో కొట్టిపారేద్దామా అంటే, నేను కొట్టిపారేయను. ఎందుకంటే వాళ్లు మనుషులకి తాగించి కూడా చూశారు. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మందికి 30 గ్రాముల ఎరిథ్రిటాల్ కలిపిన పానీయం ఇస్తే, రక్తంలో దాని మోతాదు వెయ్యి రెట్లు పైగా పెరిగింది, రెండు రోజులు దాటినా పూర్తిగా దిగలేదు. 2024లో మళ్లీ ఇరవై మందితో చేశారు, పదిమందికి 30 గ్రాముల ఎరిథ్రిటాల్, పదిమందికి అంతే గ్లూకోజ్. ఎరిథ్రిటాల్ తాగినవాళ్ల ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, ఎక్కువ చురుగ్గా మారాయి, గ్లూకోజ్ తాగినవాళ్లవి మారలేదు. జైలిటాల్‌తోనూ ప్లేట్‌లెట్లు అలాగే స్పందించాయి, కాకపోతే అది నాలుగు నుంచి ఆరు గంటల్లో రక్తం నుంచి దిగిపోయింది. ఇవి చిన్న ప్రయోగాలు, ఒక్క డోసువి. ప్లేట్‌లెట్లు చురుకెక్కడం వేరు, గుండెపోటు రావడం వేరు. కానీ 30 గ్రాములంటే ప్రయోగశాలలో తప్ప ఎవరూ తినని మోతాదేమీ కాదు, కీటో (పిండి పదార్థాలు బాగా తగ్గించిన) ఐస్‌క్రీమ్ ఒక చిన్న డబ్బా ఖాళీ చేస్తే అంతకి చేరిపోవచ్చు.

ఇంకో లెక్క కూడా వేయండి. ఎరిథ్రిటాల్ తీపి చక్కెరలో 60, 70 శాతమే. 30 గ్రాముల చక్కెర తీపి రావాలంటే 43 నుంచి 50 గ్రాములు వేయాలి. ఇందాక చెప్పిన 35 గ్రాముల గీత అక్కడే దాటేశాం. కప్పు కాఫీలో చెంచా వేసుకునేవాళ్ల గురించి కాదు నేనంటున్నది, ఇంట్లో చక్కెర డబ్బా ఖాళీ చేసి దాని నిండా ఎరిథ్రిటాల్ పోసుకున్నవాళ్ల గురించి.

ఇక్కడే ఒక అపోహ. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి చక్కెర కాని తీపి పదార్థాలు వాడొద్దని సలహా ఇచ్చింది కదా, దాన్ని షుగర్ ఆల్కహాల్స్‌కి కూడా అంటగట్టి తిప్పుతున్నారు. ఆ సలహా స్టీవియా, సుక్రలోజ్, ఆస్పర్టేమ్ లాంటివాటి గురించి. పాలియాల్స్‌ని అందులోంచి మినహాయించామని వాళ్లే రాశారు. షుగర్ ఉన్నవాళ్లకి ఆ సలహా వర్తించదని కూడా అందులోనే ఉంది.

జైలిటాల్‌కి ఉన్న మంచీ, ఒక ఘోరమైన చెడూ

పళ్ల విషయంలో దీనికి మంచి పేరుంది. పళ్లు పుచ్చడానికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా జైలిటాల్‌ని తిని ఆమ్లం తయారుచేయలేదు. 1970ల్లో ఫిన్లాండ్‌లోని టుర్కులో జరిగిన పరిశోధనలతో ఈ పేరు వచ్చింది. 2015లో వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ వాళ్లు ఆధారాలన్నీ జల్లెడ పడితే మాత్రం, ఫ్లోరైడ్‌తో పాటు జైలిటాల్ ఉన్న టూత్‌పేస్ట్ పిల్లల్లో పుచ్చు 13 శాతం తగ్గించవచ్చనేదొక్కటే కాస్త నిలబడింది, అది కూడా బలమైన ఆధారం కాదన్నారు. గమ్ నమిలితే లాలాజలం ఊరుతుంది, అదీ పళ్లకి మేలే. అంతవరకు వాడుకోండి, బ్రష్ చేయడం మానేయకండి. టూత్‌పేస్ట్‌లోని సార్బిటాల్, జైలిటాల్ గురించి భయం వద్దు, ఎలాగూ ఉమ్మేస్తాం.

ఇక చెడు. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్‌ని ఇంట్లోకి తేకపోవడమే మంచిది, తెచ్చినా తాళం వేసి పెట్టాల్సిందే. మనిషికి ఇలా జరగదు కానీ కుక్క ఒంట్లో అది ఇన్సులిన్‌ని ఒక్కసారిగా కురిపిస్తుంది, అరగంటలోనే గ్లూకోజ్ పడిపోయి తూలడం, ఫిట్స్ రావచ్చు, మోతాదు పెరిగితే కాలేయం పోతుంది. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు. పది కిలోల కుక్కకి ఒక్క గ్రాము, అంటే కింద పడ్డ ఒకటి రెండు గమ్ ముక్కలు. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తండి. కొన్ని పీనట్ బటర్ సీసాల్లోనూ ఇది ఉంటుంది, 'బర్చ్ షుగర్' అనే ముద్దుపేరుతో కూడా రాస్తారు.

సరే, ఏది కొనాలి?

ముందు ప్యాకెట్ ముందువైపు చూడటం మానేయండి. స్టీవియా, మాంక్ ఫ్రూట్ అని ఆకులూ పండ్లూ బొమ్మ వేసిన చాలా పొడుల్లో బరువంతా ఎరిథ్రిటాలే. స్టీవియా తీపి మరీ ఎక్కువ కాబట్టి చిటికెడులో చిటికెడు సరిపోతుంది, ప్యాకెట్ నింపడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఎరిథ్రిటాల్ వద్దనుకుని స్టీవియాకి మారాననుకునేవాళ్లు ఒకసారి వెనక్కి తిప్పండి. పేరు లేకుండా అంకె వేస్తే ఇలా గుర్తుపట్టండి: 420 సార్బిటాల్, 421 మానిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్, 966 లాక్టిటాల్, 967 జైలిటాల్, 968 ఎరిథ్రిటాల్.

గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్లు, రక్తం గడ్డలు కట్టే స్వభావం ఉన్నవాళ్లు: ఎరిథ్రిటాల్, జైలిటాల్ పెద్ద మోతాదులో రోజూ వద్దు అంటాను నేను. అనుమానం రుజువు కాలేదు, నిజమే, కానీ తీపి కోసం అంత రిస్క్ ఎందుకు. కాఫీ టీలకి ద్రవరూపంలో స్టీవియా చుక్కలు గానీ సుక్రలోజ్ మాత్ర గానీ చాలు, వాటిలో లోపలికి పోయేది మిల్లీగ్రాముల్లోనే. అలాగని భయపడి మళ్లీ చెంచాలకొద్దీ చక్కెర మొదలుపెడితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే, చక్కెర చేసే చెడుకి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు.

షుగర్ ఉండి గుండె బాగానే ఉన్నవాళ్లకి అప్పుడప్పుడూ ఎరిథ్రిటాల్ పర్వాలేదు, మాల్టిటాల్ కన్నా చాలా నయం. కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు మాల్టిటాల్, సార్బిటాల్ పేరు మొదటి మూడు పదార్థాల్లో కనిపిస్తే ప్యాకెట్ తిరిగి అరలో పెట్టేయండి. ఏ జబ్బూ లేనివాళ్లు, బరువు కోసమే చూస్తున్నవాళ్లు నిజం చక్కెర చాక్లెట్ రెండు ముక్కలు తిని ఆపగలిగితే అదే మేలు. ఆపలేం అంటారా, అప్పుడు నేను పైన చెప్పిన నా రాత్రిని గుర్తు తెచ్చుకోండి.

వాడి చూడాలనే ఉంటే ఒకసారి ఒక్క రకమే, ఐదు గ్రాములతో, ఖాళీ కడుపుతో కాకుండా భోజనం తర్వాత. ద్రవంలో కలిపి తాగితే వేగంగా పేగుకి చేరి ఎక్కువ గోల చేస్తుంది, అదే తిండితో కలిస్తే కాస్త నెమ్మదిస్తుంది. పిల్లల విషయంలో పెద్దల లెక్క అస్సలు పనికిరాదు. ఇరవై కిలోల పిల్లాడికి ఎరిథ్రిటాల్ గీత రోజుకి 10 గ్రాములు, అంటే రెండు మూడు చెంచాలు, పెద్దవాళ్ల కోసం చేసిన ఒక్క ప్రొటీన్ బార్ సగం కొరికినా ఆ దగ్గరికి వచ్చేయొచ్చు.